ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌ను పాడుచేయకుండా తుడవడం ఎలా?

కావలసినవి మూడే: కళ్లజోడుతో పాటు ఇచ్చే మైక్రోఫైబర్ గుడ్డ, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తని చిన్న బ్రష్షు. గుడ్డ లేత రంగుదే తీసుకోండి. ముదురు రంగు గుడ్డకు ఎంత మురికి అంటిందో తెలియదు. పాత బనియన్ ముక్క, టిష్యూ పేపరు వద్దు, రెండూ నూగు వదులుతాయి. చేతులకు రాసుకునే శానిటైజర్ కూడా వద్దు. అందులో సాధారణంగా గ్లిజరిన్ ఉంటుంది, ఉన్న జిడ్డు చాలదన్నట్టు మరో పొర వేస్తుంది. గోళ్ల రంగు తీసే అసిటోన్ తగిలితే ప్లాస్టిక్ పాడవుతుంది.

ముందుగా షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసేయండి. మూత వేసి తెరిస్తే ఆపినట్టు కాదు. యాపిల్ సొంత చిప్‌లు (ఎమ్1, ఆ తర్వాతివి) ఉన్న మ్యాక్‌బుక్‌లు టచ్‌ప్యాడ్‌ను నొక్కినా ఆన్ అవుతాయి, కాబట్టి వాటిని తేలిక చేత్తో తుడవాలి. మొదట పొడి గుడ్డతో దుమ్ము తీయండి.

చాలామంది చెడగొట్టేది ఆ తర్వాతే. ఆల్కహాల్‌ను నేరుగా టచ్‌ప్యాడ్ మీద చల్లుతారు. దాని చుట్టూ ఉన్న సన్నని సందు కింద సర్క్యూట్ ఉంటుంది, చాలా మోడళ్లలో బ్యాటరీ కూడా అక్కడే. అందులోకి దిగిన తడిని మీరు బయటికి తీయలేరు. తడపవలసింది గుడ్డను, అదీ ఒక మూల మాత్రమే. ఆ మూలను అరచేతి వెనక ఒకసారి రాసి చూడండి. చల్లగా తగలాలి, కానీ చర్మం మీద తడి మెరవకూడదు. మెరిసిందా, గుడ్డను కాసేపు ఆరనివ్వండి.

తుడిచేటప్పుడు అంచు నుంచి మధ్యకు రండి. మధ్య నుంచి అంచుకు నెడితే మురికినంతా మీరే సందులోకి తోసినట్టు. పులిహోర తిన్న వేళ్ల పసుపు మరక అంటితే నీళ్లతో రుద్దకండి. పసుపు రంగు నీటిలో దాదాపు కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. మరక మీద గుడ్డ మూలను నాలుగైదు క్షణాలు అదిమి ఉంచి, ఎత్తండి. గుడ్డకే పసుపు అంటుతుంది.

ఇక సందు. పిన్నీసు, బ్లేడు దగ్గరికి రానివ్వకండి. నోటితో ఊదడం ఇంకా పాడు అలవాటు, గాలితో పాటు తుంపర్లూ పోతాయి. నొక్కితే గాలి చిమ్మే డబ్బాలు కొనమనేవాళ్లున్నారు, నాకు వాటి మీద నమ్మకం లేదు. ఉన్న దుమ్మును మరింత లోపలికి కొడతాయి. ల్యాప్‌టాప్‌ను పక్కకు వంచి, పొడి బ్రష్షుతో సందు పొడవునా ఒకే వైపు లాగండి. రొట్టె పొడి, వెంట్రుకలు వాటంతటవే రాలతాయి. బ్రష్షు మాత్రం ఎప్పుడూ తడపకూడదు.

ఈ పనిలో సందును దగ్గరగా చూస్తారు కదా, నాలుగు వైపులా ఒకే వెడల్పు ఉందో లేదో గమనించండి. టచ్‌ప్యాడ్ ఒక పక్క పైకి లేచి ఉన్నా, క్లిక్ గట్టిపడినా కింద బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. నొక్కి సరిచేయాలని చూడకండి, ఛార్జింగ్ పెట్టకండి, సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి.

అంతా బాగుంటే పది నిమిషాలు ఆగి ఆన్ చేయండి. తడి ఉండగా ఆన్ చేస్తే టచ్‌ప్యాడ్ ఆ తడినే వేలు అనుకుంటుంది, కర్సర్ గెంతుతుంది. బాగా ఆరాక కూడా గెంతుతుంటే మళ్లీ తుడవకండి, ఛార్జర్ పెట్టి ఉంటే తీసి చూడండి. తీయగానే కుదురుకుంటే లోపం ఛార్జర్‌ది కావచ్చు, గోడ సాకెట్‌లో ఎర్త్ లేకపోవడం కావచ్చు. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్‌కు మార్చి చూడండి.