బైక్ హెడ్‌లైట్ వెలుగు పెంచుకోవడం: బల్బు కొనేముందు వోల్టేజీ చూడండి

రాత్రిపూట రోడ్డు సరిగ్గా కనబడటం లేదంటే అందరి చూపూ ముందు బల్బు మీదికే పోతుంది. నిజానికి చాలా బైకుల్లో బల్బు తప్పేమీ ఉండదు. బ్యాటరీ దగ్గర 13.5 వోల్టులు ఉన్న కరెంటు హ్యాండిల్ స్విచ్చి, వైర్లను కలిపే రెండు మూడు కప్లర్లు, సన్నటి వైర్లు దాటుకుని బల్బు చేరేసరికి 12 లోపుకు పడిపోతుంది. మిగతాదంతా దారిలోనే వేడిగా మారిపోతుంది. హాలోజన్ బల్బుకు ఇది చిన్న నష్టం కాదు. వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది. ఆ వైరింగ్ మీదే 100 వాట్ల బల్బు పెడితే కరెంటు ఇంకా లాగుతుంది, వోల్టేజీ ఇంకా పడుతుంది, చివరికి హోల్డర్ కరుగుతుంది.

అందుకే ముందు కొలత, తర్వాత డూమ్ (బల్బు కూర్చునే రిఫ్లెక్టర్, ముందున్న లెన్స్ కలిసిన హెడ్‌లైట్ గిన్నె), ఆ తర్వాత వైరింగ్. బల్బు వంతు వీటి తర్వాతే. ఏది మార్చినా, మార్చకపోయినా చివర్లో ఫోకస్ సెట్ చేయాల్సిందే.

మల్టీమీటర్‌తో అరగంట

మొదట బల్బు మీద ఏం రాసుందో చూడండి. పెద్ద బైకుల్లో ఎక్కువగా హెచ్4 ఉంటుంది: హై బీమ్ 60 వాట్లు, లో బీమ్ 55. చిన్న బైకుల్లో హెచ్‌ఎస్1 వస్తుంది, రెండూ 35 వాట్లే. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి కానీ అంచు చెవుల్లో తేడా ఉంటుంది. 35 వాట్ల డూమ్‌లో 60 వాట్ల బల్బు పట్టకుండా కంపెనీవాళ్లు కావాలనే పెట్టిన తేడా అది. చెవి అరగదీసి ఇరికించే పని పెట్టుకోవద్దు.

రెండోది, హెడ్‌లైట్‌కు వచ్చేది ఏసీనా (ఇంజిన్ కాయిల్ నుంచి నేరుగా వచ్చే కరెంటు) డీసీనా (బ్యాటరీ కరెంటు)? ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేసినప్పుడు లైట్ వెలిగితే డీసీ. ఇంజిన్ తిరిగితేనే వెలుగుతూ, రేజ్ చేసేకొద్దీ వెలుగు పెరుగుతుంటే ఏసీ అయ్యే అవకాశం ఎక్కువ. అనుమానం తీరాలంటే ఇంజిన్ నడుస్తుండగా మీటర్‌ని ఏసీ రేంజిలో పెట్టి హోల్డర్ దగ్గర చూడండి. 10, 12 వోల్టులు చూపిస్తే ఏసీయే. ఏసీ లైటున్న బండికి కింద చెప్పే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చి) పని నేరుగా కుదరదు. హెడ్‌లైట్‌ని ఊరికే బ్యాటరీ మీదికి మార్చేస్తే 35 వాట్ల బల్బు సుమారు 3 ఆంపియర్లు లాగుతుంది. ఆ బండి చార్జింగ్ అంత ఇవ్వలేదు కాబట్టి చిన్న బ్యాటరీ త్వరలోనే దిగిపోతుంది. మ్యాగ్నెట్ కాయిల్ (ఇంజిన్‌లో కరెంటు పుట్టించే చుట్ట) ఎర్త్ విడదీసి, ఫుల్‌వేవ్ రెగ్యులేటర్ (ఏసీ మొత్తాన్నీ డీసీగా మార్చేది) వేయించాకే డీసీకి మార్చాలి. కాయిల్ పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌కే అది అప్పగించండి.

డీసీ బండి అయితే అసలు పరీక్ష ఇది. ఇంజిన్ 2500–3000 ఆర్‌పీఎం దగ్గర ఉంచి, హై బీమ్ వేసి, మీటర్ వైరు మొనల్లో (ప్రోబ్) ఒకటి బ్యాటరీ ప్లస్ మీద, ఇంకోటి బల్బు వెనక హై బీమ్ టెర్మినల్ మీద పెట్టండి. మీటర్ చూపించేది ప్లస్ దారిలో పోతున్న వోల్టేజీ. తర్వాత బల్బు ఎర్త్ టెర్మినల్‌కి, బ్యాటరీ మైనస్‌కి మధ్య చూడండి. రెండూ కలిపి 0.5 వోల్టు లోపుంటే వైరింగ్ జోలికి పోనక్కర్లేదు. 1 వోల్టు దాటితే రిలే వేయాల్సిందే. ఈ కొలత బల్బు హోల్డర్లో ఉండి వెలుగుతున్నప్పుడే తీయాలి. హోల్డర్ పీకి చూస్తే కరెంటు పారదు, వోల్టేజీ పడదు, మీటర్ నిండు 13 చూపించి మిమ్మల్ని మోసం చేస్తుంది.

అదే స్పీడులో బ్యాటరీ మీద కూడా ఒకసారి చూడండి. 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. హై బీమ్ వేయగానే 13 కిందికి జారి అక్కడే ఉంటే చార్జింగ్ సిస్టమ్ ఇప్పటికే ఆయాసపడుతోందన్నమాట. దాని మీద ఇంకే బరువూ వేయకూడదు.

డూమ్ సంగతి

వెనక రబ్బరు బూటు తీసి, టార్చితో రిఫ్లెక్టర్ లోపలికి చూడండి. అద్దంలా మెరవాలి. బూడిద రంగు మచ్చలు, పొక్కులు, బల్బు పైభాగంలో నల్లటి మసి కనిపిస్తే ఆ డూమ్‌తో ఏ బల్బు పెట్టినా ఉపయోగం లేదు. దుమ్ము ఉంటే గాలి ఊది వదిలేయండి. గుడ్డ పెట్టి రుద్దితే ఆ పలచటి మెరుపు పూత ఊడి చేతికొస్తుంది.

ముందున్న ప్లాస్టిక్ లెన్స్ పసుపు పట్టి ఉంటే 1000, 1500, 2000, 3000 నంబర్ల నీటి ఎమెరీ కాగితాలతో వరసగా రుద్ది పాలిష్ చేస్తే తేటబడుతుంది. పైన యూవీ కోటింగ్ వేయకపోతే కొన్ని నెలల్లో మళ్లీ పచ్చబడుతుంది.

రిలే వైరింగ్

లెక్క సులువే. ఇప్పటిదాకా బల్బు కరెంటంతా మోసిన పాత వైరింగ్ ఇకమీదట రిలేలను తట్టిలేపే పని మాత్రం చేస్తుంది. అసలు కరెంటు బ్యాటరీ నుంచి లావుపాటి వైరులో నేరుగా బల్బుకు పోతుంది.

కావలసినవి: నాలుగు పిన్నుల 12 వోల్టుల 30 ఆంపియర్ల రిలేలు రెండు, వాటి సాకెట్లు, నీళ్లు పోని ఫ్యూజ్ హోల్డర్, 15 ఆంపియర్ల ఫ్యూజ్, సిరామిక్ హెచ్4 హోల్డర్ ఒకటి, 2.5 చదరపు మి.మీ. వైరు నాలుగు మీటర్లు, 1 చదరపు మి.మీ. వైరు రెండు మీటర్లు, బ్యాటరీ బోల్టుకు సరిపడే రింగు లగ్గులు, హీట్ ష్రింక్ స్లీవులు. పాత కప్లర్లోకి దూర్చడానికి మూడు కాళ్ల ప్లగ్గు కూడా కావాలి. కాలిపోయిన హెచ్4 బల్బు ఉంటే గాజు తీసేసి దాని అడుగుభాగాన్నే ప్లగ్గులా వాడుకోవచ్చు. అప్పుడు కంపెనీ వైరింగ్‌లో ఒక్క వైరు కూడా కోయక్కర్లేదు.

15 ఆంపియర్లు ఎందుకంటే, హై బీమ్ ఒక్కటే అయితే 5 ఆంపియర్లే, కానీ పాస్ స్విచ్చి నొక్కినప్పుడు చాలా బండ్లలో రెండు ఫిలమెంట్లూ కలిసి వెలుగుతాయి, అంటే 115 వాట్లు, దాదాపు 10 ఆంపియర్లు.

1. బ్యాటరీ మైనస్ ముందు విప్పండి. మళ్లీ బిగించేది అన్నిటికన్నా చివర.
2. పాత కప్లర్లో ఏ కాలు దేనిదో మీటర్‌తో చూసి గుర్తు పెట్టుకోండి. మామూలుగా హెచ్4లో అడ్డంగా ఉండే పై కాలు లో బీమ్, నిలువు కాళ్లలో ఒకటి హై, ఒకటి ఎర్త్. వైరు రంగుల్ని మాత్రం నమ్మొద్దు.
3. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజ్ హోల్డర్‌కి, అక్కడి నుంచి రెండు రిలేల 30వ పిన్నుకి లావు వైరు (పిన్నుల అంకెలు రిలే మీదే రాసుంటాయి). ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. దానికి ముందున్న వైరు ఎక్కడైనా ఒరుసుకుని షార్టయితే ఆపేదేమీ ఉండదు.
4. ఒక్కో రిలే 87వ పిన్ను నుంచి కొత్త హోల్డర్‌కి లావు వైరు: ఒకటి హైకి, ఒకటి లోకి.
5. పాత కప్లర్ హై కాలు ఒక రిలే 86కి, లో కాలు రెండో రిలే 86కి, సన్న వైరుతో. రెండిటి 85వ పిన్నులూ ఎర్త్‌కి.
6. కొత్త హోల్డర్ ఎర్త్ వైరు నేరుగా బ్యాటరీ మైనస్‌కే తీసుకెళ్లండి. పెయింటు వేసిన ఫ్రేమ్ బోల్టుకు తగిలిస్తే పడిన శ్రమలో సగం వృథా.
7. హ్యాండిల్ రెండువైపులా చివరిదాకా తిప్పి చూసి, వైర్లు లాగకుండా, నలగకుండా ఉన్నాయనుకున్నాకే వాటిని కట్టే ప్లాస్టిక్ కేబుల్ టైలు బిగించండి. ఫ్యూజ్ అప్పుడు పెట్టి, చివరగా మైనస్ బిగించండి.

ఐదు పిన్నుల రిలే దొరికితే అందులో 87ఏ అనే నడిమి పిన్ను రిలే ఆఫ్‌లో ఉన్నప్పుడే కరెంటు ఇస్తుంది. దాన్ని ఖాళీగా వదిలి స్లీవ్ వేయండి. రిలేలను పిన్నులు కిందికి ఉండేలా, ఇంజిన్ వేడి తగలని చోట బిగించండి. జాయింట్లు మెలిపెట్టి టేపు చుడితే ఎండకు జిగురు కారి ఊడిపోతాయి. సాల్డరింగ్ చేసిన చోట వైరు బిరుసెక్కి, అదురుకు సరిగ్గా దాని పక్కనే తెగుతుంది. మంచి క్రింపింగ్ (లగ్గును వైరు మీద గట్టిగా నొక్కి బిగించడం), పైన స్లీవ్, అదే మన్నుతుంది.

ఒక మెలిక ఉంది. కొన్ని బండ్లలో హై, లో స్విచ్చి ప్లస్‌ను కాకుండా ఎర్త్‌ను కలుపుతుంది. అంటే హోల్డర్లో ఉమ్మడి కాలుకే ఎప్పుడూ 12 వోల్టులు ఉంటాయి. అలాంటి బండిలో ఆ ఉమ్మడి కాలును రెండు రిలేల 86కీ కలిపి, హై, లో కాళ్లను విడివిడిగా 85లకు ఇవ్వాలి. డయోడ్ (కరెంటును ఒకవైపుకే పోనిచ్చేది) ఉన్న రిలే అయితే ప్లస్ వైపు ఏదో దాని ఒంటి మీద చూసి కలపండి.

ఇప్పుడు బల్బు

రిలే వేశాక మంచి కంపెనీ 60/55 హాలోజన్ సరిపోయేవాళ్లు చాలామందే ఉంటారు. ఇంకాస్త కావాలంటే అదే వాట్లలో ఫిలమెంటు మరింత చిక్కగా చుట్టిన ప్లస్ రకాలు ఉన్నాయి. వెలుగు దూరం పోతుంది, ఆయుష్షు తగ్గుతుంది. నీలం పూత బల్బులు దండగ, ఆ పూత కొంత వెలుగును మింగేస్తుంది. గాజును వేళ్లతో ముట్టుకోవద్దు. అంటిన జిడ్డు దగ్గర గాజు వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. ముట్టుకుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. 100/90 బల్బులు రోడ్డు మీద వాడటానికి చాలా దేశాల్లో అనుమతి లేదు, పైగా ఆ వేడికి రిఫ్లెక్టర్ పూత ముందుగానే పోతుంది.

ఇక ఎల్‌ఈడీ. హాలోజన్ డూమ్‌లో రిఫ్లెక్టర్ వంపంతా ఫిలమెంటు ఉండే చోటును బట్టి లెక్కగట్టింది. ఎల్‌ఈడీ చిప్పులు సరిగ్గా అక్కడే, ఫిలమెంటంత సన్నగా ఉంటేనే బీమ్ నిలుస్తుంది. డబ్బా మీది లూమెన్ల (వెలుగు కొలత) అంకె చూసి కొనకండి, దాన్ని ఎంతైనా రాసుకోవచ్చు. చిప్పులున్న పలక ఎంత పలచగా ఉంది, లో బీమ్ చిప్పుల కింద గిన్నెలాంటి అడ్డు ఉందా, కాలరు తిప్పి బిగించే వీలుందా, వెనక ఫ్యాను మీ డూమ్ వెనకున్న ఖాళీలో పడుతుందా, ఇవి చూడండి. బిగించేటప్పుడు చిప్పులు కుడి ఎడమలకు చూడాలి, పైకీ కిందికీ కాదు. గోడ మీద వెలుగు మధ్యలో నల్లటి గుంట గానీ, లో బీమ్‌లో గీతకు పైన చెదిరిన వెలుగు గానీ కనిపిస్తే ఆ బల్బు మీ డూమ్‌కు పనికిరాదు. బండి ముందు రోడ్డు తెల్లగా మెరుస్తుంటే బాగున్నట్టే అనిపిస్తుంది. నిజానికి ఆ దగ్గరి వెలుగుకు కంటిపాప ముడుచుకుని, దూరాన ఉన్న గుంట ఇంకా కనబడకుండా పోతుంది.

రంగు 4300 నుంచి 5000 కెల్విన్ల మధ్య తీసుకోండి. 6500 దాటిన నీలపు తెలుపు వానలో, మంచులో కళ్లకు కొట్టుకుంటుంది. కొన్నాక ఓ పరీక్ష పెట్టండి. గోడ మీద వెలుగును ఆన్ చేయగానే ఒకసారి, 20 నిమిషాల తర్వాత ఒకసారి ఒకే సెట్టింగ్‌తో ఫోటో తీసి పోల్చండి. వేడిని బయటికి పంపలేని చవక బల్బు అప్పటికి బాగా వాడిపోయి ఉంటుంది. హాలోజన్ డూమ్‌లో ఎల్‌ఈడీ బల్బు పెట్టడాన్ని చాలా చోట్ల చట్టం ఒప్పుకోదు, మీ చోట రూలు ముందు కనుక్కోండి.

ఎల్‌ఈడీయే కావాలనుకుంటే, ఎల్‌ఈడీ కోసమే తయారైన పూర్తి డూమ్ వేయడం మేలు. 7 అంగుళాల గుండ్రటి డూమ్ ఉన్న బండ్లకు ఇవి సులువుగా దొరుకుతాయి. లెన్స్ మీద 'E' అక్షరంతో ఉండే ఆమోదపు మార్కు చూడండి. రోడ్డుకు ఎడమవైపు నడిచే దేశాల కోసం చేసిన దానిమీద, ఎదురుగా నిలబడి చూస్తే, కుడివైపుకు చూపే బాణం గుర్తు ఉంటుంది. రెండువైపులా మొనలున్న బాణమైతే ఎటువైపు ట్రాఫిక్‌కైనా మార్చుకోవచ్చు. ఏ బాణమూ లేకపోతే అది కుడివైపు ట్రాఫిక్ కోసం చేసింది కావచ్చు, అలాంటిది ఎడమవైపు నడిచేచోట ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది.

ఫోకస్

టైర్లలో గాలి సరిచూసి, బండిని స్టాండ్ తీసి చదునైన నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో నిటారుగా నిలబెట్టండి. రోజూ నడిపే మనిషే సీటు మీద కూర్చోవాలి. నేల నుంచి బల్బు మధ్య ఎత్తు కొలిచి గోడ మీద అదే ఎత్తులో గీత గీయండి. లో బీమ్ పై అంచు ఆ గీతకు 10 నుంచి 15 సెం.మీ. కింద పడాలి. ఫోకస్ సరిచేసే స్క్రూ లేని బండ్లలో డూమ్ పక్క బోల్టులు వదులు చేసి చేత్తో వంచాలి. బిగించేటప్పుడు మళ్లీ కదులుతుంది, బిగించాక ఇంకోసారి చూడండి.

10 సెం.మీ. అంటే మీటరుకు 1 సెంటీమీటరు వంపు. బల్బు 90 సెం.మీ. ఎత్తులో ఉంటే లో బీమ్ అంచు 90 మీటర్ల దూరాన నేలను తాకుతుంది. 15 అయితే 60 మీటర్లే. ఈ కాస్త తేడాకే 30 మీటర్ల రోడ్డు వస్తుంది, పోతుంది. వెనక మనిషి ఎక్కితే లెక్క మారుతుంది: రెండు చక్రాల మధ్య 1.3 మీటర్లున్న బండి వెనకభాగం 13 మి.మీ. అదనంగా దిగినా ఆ వంపు మొత్తం చెరిగిపోయి లో బీమ్ ఎదుటివాళ్ల కళ్లకు తగులుతుంది. రోజూ ఇద్దరు తిరిగే బండికి ఇద్దరినీ కూర్చోబెట్టే ఫోకస్ చేయండి, లేదా వెనక షాక్ అబ్జార్బర్లు ఒక మెట్టు గట్టిచేయండి.

తర్వాత వచ్చే తిప్పలు

రిలే టకటక కొట్టుకుంటుంటే 85 ఎర్త్ వదులుగా ఉంది, లేదా పాత లైను ఏసీ. ఒక బీమ్ వెలిగి రెండోది వెలగకపోతే రిలేలు రెండూ అటూ ఇటూ మార్చండి: తప్పు కూడా మారితే రిలేది, మారకపోతే వైరుది. ఎల్‌ఈడీ పెట్టాక హై బీమ్ గుర్తు వెలగకపోవడం, రెండు బీములూ కలిసిపోవడం ఎర్త్ స్విచ్చింగ్ బండ్లలో మామూలే, దానికి పోలారిటీ (ప్లస్, మైనస్‌లు) మార్చే అడాప్టర్ దొరుకుతుంది. డూమ్ లోపల నీటి ఆవిరి పడితే వెనక రబ్బరు బూటు చూడండి. ఫ్యాను పట్టలేదని బూటు తీసి పారేసినవాళ్లకు ఒక్క వానాకాలం చాలు, రిఫ్లెక్టర్ మచ్చలు పడుతుంది. హాలోజన్ వేడికి ఆరిపోయే తేమ ఎల్‌ఈడీకి ఆరదు కాబట్టి బూటుకు ఫ్యాను పట్టేంత రంధ్రం మాత్రమే చేసి, చుట్టూ సిలికాన్‌తో మూయండి. డూమ్ అడుగున ఉండే సన్నటి గాలి రంధ్రాన్ని మాత్రం మూయకండి.