నట్టు మూలలు అరగక ముందే: తక్కువ ఖర్చులో పానాలు, మొండి బోల్టులు

పోయిన వానాకాలం దుక్కులప్పుడు కనగల్ వైపు నుంచి ఒక రైతు రోటవేటర్ తగిలించిన ట్రాక్టర్‌తోనే నేరుగా మా షాపుకు వచ్చాడు. ఆరు బ్లేడ్లు మార్చాలి, అంటే పన్నెండు బోల్టులు. వాటిలో మూడింటి నట్లు మూలలు పోయి గోళీల్లా అయ్యాయి. "పొద్దుగాల నుంచి కొట్లాడుతున్ననన్నా, ఒక్కటి కదుల్తలేదు" అన్నాడు. చేతిలో దవడ వదులైన అడ్జస్టబుల్ పానా ఉంది. అతను ముట్టుకోని తొమ్మిదింటినీ రింగు పానాతో అరగంటలో విప్పాను. ఆ మూడింటికి మధ్యాహ్నం దాటింది. పన్నెండూ ఒకే బురదలో తిరిగినవి, ఒకేలా తుప్పు పట్టినవి. మూడింటిని పాడు చేసింది పానాయే.

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో పదిహేనేళ్లు ఫిట్టర్‌గా చేశాను. ఇప్పుడు నల్లగొండలో దేవరకొండ రోడ్డు మీద మోటార్లు, పంపుసెట్లు, వ్యవసాయ పనిముట్లు బాగు చేస్తాను. ఇంట్లో, బాయికాడ చిన్న రిపేర్లు సొంతంగా చేసుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా దగ్గరికి వచ్చే మొండి బోల్టుల్లో సగానికి పైగా మొదటి రెండు నిమిషాల్లోనే పాడైనవి. ఆ రెండు నిమిషాలు సరిగ్గా గడిస్తే నాతో పనే పడదు.

ముందు పానాల సంగతి. ఐదారు వందలకే నలభై ఆరు ముక్కల సాకెట్ సెట్ (సాకెట్ అంటే నట్టు మీద తొడిగి తిప్పే గొట్టం లాంటి పానా) ఎక్కడ చూసినా కనబడుతుంది. పెట్టె బాగుంటుంది, అన్ని సైజులూ ఉంటాయి. కానీ దాని రాడ్ కొన పావు అంగుళం చదరం. మిక్సీకి, కుర్చీకి, బండి సైడ్ కవర్‌కు అది చాలు. మోటారు కింది బోల్టుకు వేసి బలం పెడితే రాచెట్ (ఒక వైపే పట్టి తిప్పే పళ్ల పిడి) లోపలి పళ్లు విరుగుతాయి. పొలం పనికి అర అంగుళం చదరం రాడ్ కావాలి. మొత్తం సెట్ కొనలేకపోతే మీ ఇంట్లో ఉన్న బోల్టు తలలను కొలుచుకుని, ఆ నాలుగైదు సాకెట్లూ ఒక పొడుగాటి ఎల్ రాడ్డూ విడిగా కొనండి. బండ్లకు ఎక్కువగా 8, 10, 12, 14, 17 ఎంఎం పడతాయి. పంపుసెట్టు, ట్రాక్టర్ దగ్గర 13, 17, 19, 24 ఎక్కువ వాడతాం. సాకెట్ కొనేటప్పుడు లోపలికి చూడండి. ఆరు మూలలున్నది నట్టును పక్కల మీద పట్టుకుంటుంది. పన్నెండు మూలలున్నది మూలల దగ్గర పట్టుకుంటుంది. తుప్పు తిని మూల కాస్త అరిగిన నట్టు మీద పన్నెండు మూలలది జారుతుంది, ఆరు మూలలది నిలబడుతుంది. ధర దాదాపు ఒకటే.

పానాల్లో రింగు పానా సెట్ మొదట కొనండి, నోరు తెరిచిన పానాలు తర్వాత. నోరు తెరిచినది నట్టును రెండు పక్కలే పట్టుకుంటుంది, బలం పెట్టినప్పుడు దాని నోరు విచ్చుకుంటుంది. బిగుసుకున్నదాన్ని మొదటిసారి కదిలించేది రింగుతోనే. కదిలాక దేనితో తిప్పినా ఫర్వాలేదు. నేను ఎక్కువగా టపారియా వాడతాను, ప్రతి ఊళ్లో దొరుకుతుంది కాబట్టి. కానీ పేరు చూసే కొనను. క్రోమ్ వెనేడియం (గట్టి ఉక్కు రకం) అని ఎవరైనా అచ్చు గుద్దుకోవచ్చు. షాపుకు వెళ్లేటప్పుడు జేబులో 13 తల ఉన్న కొత్త బోల్టు ఒకటి వేసుకుంటాను. పానా దానికి తొడిగి అటూ ఇటూ ఆడిస్తాను. లటలటలాడితే పక్కన పెట్టేస్తాను. ఎంత మెరిసినా సరే.

డబ్బు తక్కువైతే పాతవి కొనండి, తప్పేం లేదు. హైదరాబాద్ వెళ్తే గురువారం జుమ్మెరాత్ బజార్‌లో చూడండి. నోరు విచ్చుకుందా, రింగు గోడలో సన్నటి పగులుందా, ఎవరైనా గ్రైండర్ పెట్టారా, ఈ మూడూ చూస్తే చాలు. పాత గట్టి పానా, కొత్త నాసి పానా పక్కపక్కన ఉంటే నేను పాతదే తీసుకుంటాను. డబ్బు పెట్టాల్సింది పానాల మీద, స్క్రూడ్రైవర్ కొనల మీద, డ్రిల్ బిట్ల మీద, హాక్సా బ్లేడ్ల మీద. సుత్తె, పెట్టె, వైర్ బ్రష్ ఏవైనా నడుస్తాయి.

ప్లస్ స్క్రూల గురించి ఒక్క మాట. అన్ని ప్లస్‌లూ ఒకటి కావు. జపాన్ డిజైన్‌తో వచ్చిన బండ్లలో, ముఖ్యంగా కార్బురేటర్ దగ్గర, బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద, స్క్రూ తలపై చిన్న చుక్క కనిపిస్తే అది జపాన్ కొలత ప్లస్. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ అందులో అడుగు దాకా దిగదు. బలం పెట్టగానే పైకి ఎగదన్ని గాడిని తినేస్తుంది. దానికి జెఐఎస్ కొన అని అడిగి కొనుక్కోండి. మిగతా చోట్ల కూడా 2 నంబర్ గాడికి 1 నంబర్ కొన పెట్టి తిప్పకండి. గాడి నిండా కూర్చునే కొన కావాలి.

ఇక మొండి బోల్టు ముందు కూర్చున్నారు. పానా తీయకముందే రంగు చూడండి. ఎర్రగా ఉంటే తుప్పు. మన బోరు నీళ్ల దగ్గర ఇంకోటి ఉంటుంది, తెల్లటి సున్నం పొర. పంపు ఫ్లాంజి, ట్యాంకు వాల్వు, స్నానాల గది నల్లా, అన్నిటి మీదా గట్టిగా పేరుకుంటుంది. చాలామంది దాని మీద కూడా డబ్బాల కొద్దీ ఆయిల్ కొడతారు. సున్నం మీద ఆయిల్ పని చేయదు, లోపలికి దిగే దారే ఉండదు. వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో తడిపిన గుడ్డను నట్టుకు చుట్టి గంటసేపు ఉంచండి. బుడగలు వస్తూ సున్నం కరుగుతుంది. బ్రష్‌తో గీకి, నీళ్లతో కడిగి, ఆరనిచ్చి, అప్పుడు ఆయిల్ వేయండి. అల్యూమినియం మీద, క్రోమ్ పూత మీద మాత్రం ఆ గుడ్డను ఎక్కువసేపు వదలకండి.

తుప్పుకైతే ముందు బయట కనిపించే మరలను వైర్ బ్రష్‌తో శుభ్రం చేయండి. ఈ పని వదిలేసే వాళ్లే ఎక్కువ. నట్టు విప్పాక ఆ మరల మీదుగానే బయటికి రావాలి, అక్కడ బురద ఉంటే సగం దారిలో మళ్లీ ఇరుక్కుంటుంది. తర్వాత డబ్ల్యూడి-40 లాంటి తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి. అది లేకపోతే మన వైపు డీజిల్ పోస్తారు, అదీ పని చేస్తుంది, నిదానంగా. రాత్రి వేసి పొద్దున విప్పడం నాకు ఇష్టమైన పద్ధతి. మధ్యలో రెండుసార్లు సుత్తెతో బోల్టు తల మీద నిటారుగా కొట్టండి. మరీ గట్టిగా వద్దు. ఆ అదురుకు తుప్పు పొరలో సన్నటి పగుళ్లు వస్తాయి, ఆయిల్ వాటిలోకి దిగుతుంది.

అప్పుడు రింగు పానా అడుగు దాకా దించి, ముందు బిగించే వైపు కొంచెం తిప్పండి. కొత్తవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. తుప్పు పట్టు విడిపోవడానికి ఏ వైపు కదిలినా చాలు. "టక్" అని చప్పుడొచ్చిందంటే గెలిచినట్టే. ఆ తర్వాత విప్పే వైపు పావు చుట్టు, వెనక్కి అర పావు, ఆయిల్, మళ్లీ ముందుకు. ఒకే ఊపున లాగితే మరల మధ్య పొడి పేరుకుని బోల్టు తెగుతుంది. పానాను మీ వైపు లాగండి, తోయకండి. జారితే వేళ్లు ఇనుముకు తగులుతాయి. తోయక తప్పకపోతే అరచేయి తెరిచి తోయండి. ఎల్ రాడ్‌కు పైపు తొడగొచ్చు, రాచెట్‌కు ఎప్పుడూ తొడగకండి.

ఎంతకీ కదలకపోతే, అసలు ఏ వైపు విప్పాలో ఒకసారి ఆలోచించండి. సైకిల్ ఎడమ పెడల్, చాలా టేబుల్ ఫ్యాన్ల రెక్క బిగించే మూత, బెంచి గ్రైండర్ ఎడమ చక్రం నట్టు, గ్యాస్ వెల్డింగ్ ఎసిటిలిన్ నట్టు, ఇవన్నీ ఎడమ మరలవి. మామూలుగా విప్పుతున్నామనుకుని వాటిని బిగిస్తూ కూర్చున్నవాళ్లను చాలామందిని చూశాను.

వేడి చివరి మందు కాదు, మంచి మందు. కాకపోతే చోటు చూసుకోవాలి. నట్టును వేడి చేయాలి, బోల్టును కాదు. నట్టు వ్యాకోచించి పట్టు వదులుతుంది. అల్యూమినియం బాడీలో ఇనుప బోల్టు ఇరుక్కుంటే ఇంకా సులువు, అల్యూమినియం ఇనుముకంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. వేడిగా ఉన్నప్పుడే మరల అంచున కొవ్వొత్తి ముక్క తాకించండి, మైనం కరిగి లోపలికి పీల్చుకుపోతుంది. పెట్రోల్ ట్యాంకు, డీజిల్ పైపు, బ్యాటరీ, రబ్బరు సీలు, బేరింగు దగ్గర మంట వద్దే వద్దు. ఆయిల్ స్ప్రే కొట్టిన వెంటనే మంట పెట్టకండి. జింక్ పూత ఉన్న బోల్టును ఎర్రగా కాల్చితే వచ్చే తెల్లటి పొగ పీల్చకూడదు, ఆరుబయట గాలి వాటం చూసుకుని చేయండి.

మూలలు పోయిన నట్టు విషయానికొస్తే, రైతు తెచ్చిన ఆ మూడింటినీ మూడు రకాలుగా తీశాను. మొదటి దానికి ఒక సైజు చిన్న ఆరు మూలల సాకెట్‌ను సుత్తెతో కొట్టి ఎక్కించాను, వచ్చేసింది. 13 నట్టు అరిగితే అర అంగుళం సాకెట్ కూడా ఇలాగే పడుతుంది, అది 12.7 ఎంఎం కాబట్టి. రెండోదానికి అంత మూల కూడా మిగల్లేదు. ఆకురాయితో ఎదురెదురుగా రెండు పక్కలు చదును చేసి, లాకింగ్ ప్లయర్ బిగించి తిప్పాను. మూడోది దేనికీ రాలేదు. హాక్సాతో నట్టు పక్కన మరల దాకా కోసి, ఆ గీతలో ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేస్తే నట్టు పగిలి రెండుగా విడిపోయింది. కంటి అద్దాలు లేకుండా ఈ పని చేయకండి. ఉలి ముక్క కంట్లో పడిన మనిషిని మిల్లులో నేను ఆసుపత్రికి తీసుకెళ్లాను.

అలెన్ బోల్టుల్లో (తలలో ఆరు మూలల గుంత ఉండేవి) చాలా వరకు కీ అడుగు దాకా దిగకే పాడవుతాయి. గుంతలో బురద గట్టిపడి ఉంటుంది. మేకుతో గీకి, ఊది, కీని సుత్తెతో తట్టి దించండి. అప్పటికే గుండ్రమైతే కాస్త పెద్ద టార్క్స్ బిట్ (నక్షత్రం ఆకారం కొన) కొట్టి ఎక్కించండి. గాడి పోయిన చిన్న స్క్రూకు సైకిల్ ట్యూబు ముక్క మధ్యలో పెట్టి నొక్కి తిప్పండి, లేదా వాల్వ్ గ్రైండింగ్ పేస్టు చుక్క గాడిలో వేయండి, కొన జారదు. మొండి స్క్రూకు సుత్తెతో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ ఉంది. దెబ్బ పడిన క్షణంలోనే లోపలికి నొక్కుతూ తిప్పుతుంది. బండి పని చేసుకునే వాళ్లు తప్పకుండా కొనాల్సిన వస్తువు.

బోల్టు తెగి లోపలే ఉండిపోతే అందరూ ఈజీ అవుట్ (తెగిన బోల్టుకు రంధ్రం వేసి, అందులో దించి వెనక్కి తిప్పే పనిముట్టు) అడుగుతారు. నేను భయపడేది దానికే. అది చాలా గట్టి ఉక్కు, పెళుసు. లోపల విరిగిందంటే మామూలు డ్రిల్ బిట్ దాన్ని తినలేదు. వెల్డింగ్ మిషన్ అందుబాటులో ఉంటే తెగిన మొన మీద నట్టు పెట్టి, నట్టు రంధ్రంలోంచి వెల్డ్ చేయించండి. పట్టుకోవడానికి కొత్త తల వస్తుంది, ఆ వేడికి తుప్పూ వదులుతుంది. ట్రాక్టర్ మీదైతే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయాలి. డ్రిల్లే గతి అయితే సెంటర్ పంచ్‌తో సరిగ్గా నడిమధ్యన గుర్తు పెట్టి, చిన్న బిట్‌తో మొదలుపెట్టండి. పక్కకు జరిగితే బాడీ మరలు పోతాయి. మళ్లీ ట్యాప్ వేయాల్సి (అంటే రంధ్రంలో కొత్తగా మరలు కోయాల్సి) వస్తే మామూలు మరలకు 6 ఎంఎం బోల్టు కోసం 5, 8కి 6.8, 10కి 8.5 రంధ్రం.

సబ్‌మర్సిబుల్ మోటార్ల స్టీలు బోల్టులు వేరే జాతి. వాటికి తుప్పు రాదు, కానీ స్టీలు నట్టు స్టీలు బోల్టు మీద వేగంగా తిరిగితే మరలు ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. బిగుతు తగిలిన వెంటనే ఆగి, ఆయిల్ వేసి, వెనక్కి ముందుకు నిదానంగా తిప్పండి. కరుచుకున్నాక కోయడమే.

విప్పిన పాత బోల్టును పారేయకుండా షాపుకు పట్టుకెళ్లండి. పొడవు, మర, తల మీద బలం చెప్పే అంకె మూడూ కలవాలి. 8.8 ఉన్నచోట అంకె లేని మెత్తది వేస్తే రోటవేటర్ ఒక్క ఎకరం దున్నేలోపు తెగుతుంది. కొత్తది వేసేటప్పుడు మరలకు వేలితో కొంచెం గ్రీజు రాయండి, మొదటి మూడు చుట్లు చేత్తోనే తిప్పండి. చేత్తో తిరగకపోతే మర వంకరగా ఎక్కుతున్నట్టు, తీసి మళ్లీ పెట్టండి. గ్రీజు రాసిన బోల్టు పొడిదానికంటే సులువుగా ఎక్కువ బిగుసుకుంటుంది కాబట్టి చివర్లో పానా మీద వేలాడకండి. రోటవేటర్‌కైతే ఒక గంట దున్నాక ఆపి, అన్ని నట్లనూ ఇంకోసారి చూసుకోండి.