ట్రావెలర్‌లో పది టన్నుల ఫైటర్‌కి లేజర్ తీసేసి చూశాను

ట్రావెలర్ 1977లో మొదలైన సైన్స్ ఫిక్షన్ రోల్‌ప్లేయింగ్ ఆట, టేబుల్ చుట్టూ కూర్చుని పాత్రలు పోషిస్తూ ఆడేది. మేం ఆడేది మంగూస్ అనే ప్రచురణ సంస్థ తెచ్చిన రెండో ఎడిషన్. అందులో మా ఫైటర్లు, అంటే చిన్న యుద్ధ అంతరిక్ష నౌకలు, ఒక్క షాట్ పేల్చకుండానే బూడిదైపోతున్నాయి. అందరూ కవచం పెంచుదామన్నారు. నాకు మాత్రం అనుమానం రేంజ్ మీదే.

వంద టన్నుల లోపు చిన్న నౌకలకి హార్డ్‌పాయింట్ (పెద్ద నౌకల్లో ఆయుధం బిగించే చోటు) ఉండదు, దానికంటే చిన్నదైన ఫర్మ్‌పాయింట్ మాత్రమే. 35 టన్నుల లోపైతే అదీ ఒక్కటే. దానికి పల్స్ లేజర్ బిగిస్తే రేంజ్ 'క్లోజ్'కి పడిపోతుంది, అంటే 10 కిలోమీటర్లు. అదే లేజర్ పెద్ద నౌక టరెట్‌లో (తిరిగే ఆయుధ గూడులో) ఉంటే 25,000 కిలోమీటర్ల దాకా కొడుతుంది. ఇక మనం దగ్గరికి వెళ్లేదెప్పుడు, కొట్టేదెప్పుడు?

మిస్సైళ్లకి ఈ కోత వర్తించదు. అందుకే లేజర్ తీసేసి మిస్సైల్ ర్యాక్ పెట్టాను. ర్యాక్‌లో 12 పడతాయి, చిన్నపాటి గొడవకి అవి చాలు. అంతరిక్ష పోరులో ఒక్కో రౌండ్ ఆరు నిమిషాలు, మిస్సైల్ చేరడానికి టైమ్ పడుతుంది. కాబట్టి వదిలిన వెంటనే వెనక్కి తిరగమని పైలట్‌కి చెప్పాను. మా పైలట్‌కి ఇది అస్సలు నచ్చలేదు, "ఇదేం పోరాటం, పోస్ట్‌మేన్ పనిలా ఉంది" అన్నాడు.

అతని కోసం రెండో ఫైటర్‌లో లేజర్ అలాగే ఉంచాను. డాగ్‌ఫైట్‌లో, అంటే చిన్న నౌకలు బాగా దగ్గరగా తలపడినప్పుడు, రౌండ్ ఆరు సెకన్లే, ఎదుటివాడు కూడా చిన్న నౌకే, అక్కడ క్లోజ్ రేంజ్ సరిపోతుంది. ఇప్పుడు రెండూ జంటగా బయల్దేరతాయి: ఒకటి దూరం నుంచి వేస్తుంది, మరొకటి దానిమీదికి వచ్చేవాళ్ల సంగతి చూసుకుంటుంది.