ఆర్‌లో తేదీ కాస్తా 19723 అయిపోతే

ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాషలో తేదీల వెక్టర్ (ఒకే రకం విలువల వరుస) మీద ఫర్ లూప్ పెట్టి ఒక్కో తేదీ ప్రింట్ చేస్తే 2024 జనవరి 1 బదులు 19723 అని వచ్చింది. డేటా పాడైపోయిందేమోనని టెన్షన్ పడ్డాను గానీ, ఆ నంబర్ సరైనదే. ఆర్ తేదీని లోపల 1970 జనవరి 1 నుంచి ఎన్ని రోజులైందో ఆ లెక్కగానే దాచుకుంటుంది, పైన 'డేట్' అని ఒక క్లాస్ లేబుల్ తగిలిస్తుంది, ఫర్ లూప్ ఆ లేబుల్ పీకేసి ఉత్త నంబర్‌నే చేతిలో పెడుతుంది. షరతును బట్టి రెండు విలువల్లో ఒకటి ఇచ్చే ఇఫ్ఎల్స్ (ifelse) ఫంక్షన్‌ది కూడా ఇదే తంతు. ఎర్రర్ కాదు కదా, కనీసం వార్నింగ్ కూడా రాదు, అదే నాకు చిరాకు.

లూప్‌ని తేదీల మీద కాకుండా సీక్ అలాంగ్‌తో (seq_along) వాటి స్థానాల మీద తిప్పి, లోపల స్క్వేర్ బ్రాకెట్లతో ఒక్కో తేదీ తీసుకుంటే క్లాస్ చెక్కుచెదరలేదు. వెక్టర్‌ని యాజ్ డాట్ లిస్ట్‌లో (as.list) చుట్టి లూప్‌కి ఇచ్చినా సరిపోతుంది. ఇఫ్ఎల్స్ ఉన్నచోట మాత్రం దాన్ని తీసేసి, షరతుకి సరిపడే తేదీలను ఇండెక్స్‌తో నేరుగా మార్చేశాను.

తేడా తీసేటప్పుడు ఇంకో తిరకాసుంది: రెండు టైమ్‌లను మైనస్ చేస్తే యూనిట్‌ని ఆర్ తనే ఎంచుకుంటుంది, ఒకసారి నిమిషాలు, ఇంకోసారి గంటలు. అందుకే ఇప్పుడు డిఫ్‌టైమ్ (difftime) ఫంక్షన్ వాడి యూనిట్స్ నేనే ఇస్తున్నాను.