బ్లాక్ గ్రాంటు అందని నెలల్లో విశ్వవిద్యాలయ ఆర్థిక నిర్వహణ: ఫైనాన్స్ విభాగానికి కొన్ని సూచనలు

రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఫైనాన్స్ ఆఫీసరుగా కొత్తగా బాధ్యతలు తీసుకున్నవారు మొదటి రోజే గుర్తుపెట్టుకోవలసిన విషయం ఒకటుంది. బడ్జెట్ పుస్తకంలో అచ్చయిన బ్లాక్ గ్రాంటు (జీతాలు, పెన్షన్ల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే మొత్తం) వేరు, బ్యాంకు ఖాతాలో జమయ్యే బ్లాక్ గ్రాంటు వేరు. శాసనసభ పద్దును ఆమోదించాక ఆర్థిక శాఖ సాధారణంగా మూడు నెలలకొకసారి బడ్జెట్ రిలీజ్ ఆర్డరు ఇవ్వాలి, దాన్నిబట్టి ఉన్నత విద్యా శాఖ మంజూరు జీవో ఇవ్వాలి, ఆ జీవోతో బిల్లు ఖజానాకు చేరాలి, బిల్లు నమోదైనట్టు టోకెన్ నంబరు పడ్డాక ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థలో, అంటే ఆంధ్రప్రదేశ్‌లోనైతే సీఎఫ్‌ఎంఎస్‌లో, తెలంగాణలోనైతే ఐఎఫ్‌ఎంఐఎస్‌లో, వరుస వచ్చేదాకా ఆగాలి. రాష్ట్ర రాబడి తగ్గిన ఏడాది వీటిలో ఏ మెట్టు దగ్గరైనా ఫైలు నిలిచిపోవచ్చు. మార్చి 31 నాటికి చెల్లింపు కాని బిల్లు మురిగిపోతే, కొత్త ఆర్థిక సంవత్సరంలో మళ్ళీ మొదటి నుంచీ తిరగవలసిందే.

1918లో ఏర్పడిన ఉస్మానియా, 1926 నాటి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, 1954 నాటి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వంటి పాత సంస్థల్లో ఈ ఆలస్యం మరింత బరువవుతుంది. అక్కడ పెన్షన్ల పద్దు జీతాల పద్దుతో సమానంగా పెరుగుతూ వచ్చింది. రెండింటికీ కలిపి అడిగినంత గ్రాంటు ఎప్పుడో గాని రాదు. మిగతాది పరీక్ష రుసుములు, అనుబంధ కళాశాలలు కట్టే అఫిలియేషన్ రుసుములు, దూరవిద్య, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల నుంచి సర్దుకోవాలి. ఆ సర్దుబాటును ఎక్కడిదాకా చేయవచ్చో, ఎక్కడ ఆపాలో అనుభవం మీద తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మన సొమ్మేదో, మనది కానిదేదో

ముందుగా అన్ని బ్యాంకు ఖాతాల నిల్వలను ఒక కాగితం మీద రాసి, ఒక్కొక్క మొత్తం ఎవరిదో దాని ఎదురుగా రాయాలి. ఉద్యోగుల జీపీఎఫ్ (భవిష్య నిధి) నిల్వ, సీపీఎస్ అనే వాటాల పెన్షన్ పథకంలో ఉద్యోగి వాటా, దానికి జత కలపవలసిన సంస్థ వాటా, జీతాల నుంచి కోసిన ఆదాయపు పన్ను, వృత్తి పన్ను, సహకార సంఘం వాయిదాలు, విద్యార్థుల కాషన్ డిపాజిట్లు, కాంట్రాక్టర్ల ధరావతులు, పరిశోధన ప్రాజెక్టుల నిధులు, ఫెలోషిప్పులు, దాతలు బంగారు పతకాల కోసం ఇచ్చిన మూలధనం, ఇవన్నీ విశ్వవిద్యాలయం పేరు మీదే ఉంటాయి గాని విశ్వవిద్యాలయానివి కావు. వీటిని తీసేశాక మిగిలిన అంకె చూస్తే చాలామంది వైస్ ఛాన్సలర్లకు నమ్మశక్యం కాదు. అందుకే పాలకమండలి ముందు పెట్టే ప్రతి కాగితంలోనూ మొత్తం నిల్వను చూపకుండా ఈ నికర నిల్వనే చూపాలని నా గట్టి అభిప్రాయం. మొత్తం నిల్వ చూసినవారికి "అంత డబ్బుంది కదా, ఈ నెలకు వాడేద్దాం" అనిపించడం సహజం.

ఆ ఆలోచన ఎక్కడికి దారి తీస్తుందో నేను పనిచేసిన చోట చూశాను. గ్రాంటు పది రోజుల్లో వస్తుందని నమ్మి ఒక నెల జీపీఎఫ్ ఖాతా నుంచి జీతాలకు సర్దారు. పది రోజులు నాలుగు నెలలయ్యాయి. ఆ నాలుగు నెలల్లో ఒక రికార్డు అసిస్టెంటు కూతురి పెళ్ళి కోసం జీపీఎఫ్ పార్ట్ ఫైనల్‌కు (తిరిగి కట్టనక్కరలేని పాక్షిక ఉపసంహరణకు) దరఖాస్తు పెట్టుకున్నాడు. మంజూరు ఉత్తర్వు అయింది, చెక్కు మాత్రం తయారు కాలేదు. పసుపు రాసిన శుభలేఖను నా బల్ల మీద పెట్టి, రోజూ మధ్యాహ్న భోజన విరామంలో వచ్చి గుమ్మం దగ్గర నిలబడేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. అతను ఇరవై ఆరేళ్ళపాటు నెలనెలా జీతంలో కోయించుకుని దాచుకున్న సొమ్ము అది. చివరికి అతను బయట వడ్డీకి తెచ్చుకున్నాడు. ఆ తరువాత నా చేతుల మీదుగా జీపీఎఫ్ ఖాతాను మరో అవసరానికి కదిలించిన సందర్భం లేదు.

నైతికంగానే కాక చట్టప్రకారం కూడా ఈ హద్దు దాటడం ఖరీదైన పని. కోసిన ఆదాయపు పన్నును మరుసటి నెల 7వ తేదీలోగా, మార్చి నెలదైతే ఏప్రిల్ 30లోగా కట్టాలి. కోసి కట్టకపోతే నెలకు 1.5 శాతం వడ్డీ. ఈపీఎఫ్ వర్తించే సిబ్బంది విషయంలో 15వ తేదీ దాటితే ఏడాదికి 12 శాతం వడ్డీ, ఆపైన జరిమానా. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ తన సిబ్బంది పీఎఫ్ కట్టకపోయినా అసలు యజమానిగా విశ్వవిద్యాలయం జవాబు చెప్పవలసి వస్తుంది కాబట్టి, చలానా చూడకుండా ఏజెన్సీ బిల్లు పాస్ చేయకూడదు. జీతాల బిల్లు ఏ రోజు వెళ్తుందో కోతల చలానాలూ ఆ రోజే వెళ్ళాలన్నది విభాగంలో మార్పులేని నియమంగా ఉండాలి.

కేంద్ర పథకాల డబ్బు విషయంలో ఇప్పుడు వెసులుబాటు దాదాపు లేదు. 2021 నుంచి ఒక్కో పథకానికి రాష్ట్రంలో ఒకే సంస్థ, ఒకే ఖాతా ఉండే సింగిల్ నోడల్ ఏజెన్సీ పద్ధతి వచ్చాక, ఉన్నత విద్యకు ఉద్దేశించిన పీఎం ఉష వంటి పథకాల నిధులు కేంద్ర ఆన్‌లైన్ వ్యవస్థ పీఎఫ్ఎంఎస్ నిఘాలోనే కదులుతాయి. గ్రాంటు మీద వచ్చిన వడ్డీ తిరిగి కేంద్రానికి చేరాలి, వినియోగ ధ్రువపత్రం గడువులోగా వెళ్ళాలి. ప్రాజెక్టు నిధిని జీతాలకు వాడిన చోట ధ్రువపత్రం మీద సంతకం పెట్టలేక తరువాతి విడతే పోగొట్టుకున్నవారు ఉన్నారు.

పదమూడు వారాల పట్టిక

వార్షిక బడ్జెట్‌తో కొరత కాలంలో పని జరగదు. రాబోయే పదమూడు వారాలకు, వారం వారం, వచ్చేదీ పోయేదీ చూపే పట్టిక ఒకటి తయారు చేసుకుని ప్రతి శనివారం దాన్ని సరిచేయాలి. పరీక్ష రుసుములు సెమిస్టరు నోటిఫికేషన్‌ను అనుసరించి వస్తాయి కనుక పరీక్షల నియంత్రణాధికారితో కూర్చుని తేదీలు ముందే రాసుకోవచ్చు. బ్లాక్ గ్రాంటును టోకెన్ నంబరు పడిన తరువాతే పట్టికలోకి ఎక్కించాలి. ఫీజు రీయింబర్స్‌మెంటును, 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన నాటి నుంచి దాని బకాయిల చరిత్ర తెలిసినవారెవరైనా, ఖాతాలో జమయ్యేదాకా సున్నాగానే లెక్క వేస్తారు. ఆ బకాయిలు ప్రైవేటు కళాశాలలకు అందనప్పుడు వారు అఫిలియేషన్ రుసుము కట్టడమూ ఆలస్యం చేస్తారు. ఒకే కొరత రెండు దారుల్లో మన మీద పడుతుందన్న సంగతి పట్టికలో కనిపించాలి.

ఖర్చుల వైపు చాలామంది మరిచేది పదవీ విరమణలు. ఎవరు ఏ నెలలో విరమిస్తారో సర్వీసు రిజిస్టరులో ఏళ్ళ ముందే రాసి ఉంటుంది. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగానికి బదులు ఒకేసారి ఇచ్చే మొత్తం), సెలవుల నగదు కలిపి ఒక్క సీనియర్ ఆచార్యుడి విరమణకే పెద్ద మొత్తం ఒకేసారి కావాలి. తెలంగాణలో 2025లో విశ్వవిద్యాలయ అధ్యాపకుల విరమణ వయసు 60 నుంచి 65కు పెరగడంతో ఈ చెల్లింపులు కొంతకాలం వెనక్కి జరిగాయి, కానీ పోలేదు. ఆ ఊరటను మిగులుగా భావించి కొత్త ఖర్చులు పెట్టుకుంటే, ఆ ఐదేళ్ళు గడిచాక బాకీలన్నీ ఒక్కసారిగా మీద పడతాయి.

అందరికీ సరిపోనప్పుడు ఎవరికి ముందు చెల్లించాలన్న ప్రశ్న తప్పక వస్తుంది. నా వరుస ఇది: పెన్షనర్లు, ఔట్‌సోర్సింగ్, కాంట్రాక్టు, పార్ట్‌టైం సిబ్బంది, హాస్టల్ మెస్ సరుకులు, కరెంటు, ఆ తరువాత రెగ్యులర్ ఉద్యోగులలో తక్కువ జీతం వారి నుంచి పైకి. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషికి నెలనెలా మందులు కొనుక్కోవడానికి మరో దారి ఉండదు. ఆచార్యుడికి రెండు వారాలు ఓర్చుకునే శక్తి ఉంటుంది. ఈ వరుసతో అందరూ ఏకీభవించరని తెలుసు. ఏ వరుసైనా సరే, ఫైనాన్స్ కమిటీ సిఫారసుతో పాలకమండలి తీర్మానం చేసి, సర్క్యులరుగా నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఎవరో ఫోన్ చేస్తే ఒక బిల్లు ముందుకు జరిగిందన్న మాట ఒక్కసారి బయటికి వస్తే, ఆ తరువాత ఉద్యోగ సంఘాలకు ఎన్ని లెక్కలు చూపినా నమ్మరు. నెలకొకసారి సంఘాల ప్రతినిధులను పిలిచి నికర నిల్వ అంకెను చదివి వినిపించడం వల్ల నష్టం జరిగిన సందర్భం నాకు తెలియదు.

గ్రాంటు తగ్గితే పన్ను మినహాయింపూ కదులుతుంది

ఈ విషయాన్ని చాలా విశ్వవిద్యాలయాలు ఆలస్యంగా గుర్తిస్తున్నాయి. ప్రభుత్వ నిధులతో పూర్తిగా గాని గణనీయంగా గాని నడిచే విశ్వవిద్యాలయానికి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 10(23సీ) సెక్షను మినహాయింపు ఇచ్చింది. గణనీయంగా అంటే ఆ ఏడాది మొత్తం రాబడిలో ప్రభుత్వ గ్రాంటు 50 శాతానికి మించాలని నిబంధనల్లో ఉంది. గ్రాంటు స్తంభించి, సొంత రుసుములు పెరిగిన ఏడాది ఈ నిష్పత్తి తెలియకుండానే తలకిందులవుతుంది. 2024 ఫిబ్రవరిలో సుమారు 424 కోట్ల రూపాయల పన్ను బకాయి కోసం ఆదాయపు పన్ను శాఖ మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన 37 బ్యాంకు ఖాతాలను స్తంభింపజేసింది; మొత్తం రాబడిలో ప్రభుత్వ వాటా సగం కన్నా తగ్గిందన్నదే ఆ వివాదానికి మూలం. అసలే జీతాలకు వెతుక్కుంటున్న సంస్థకు అంతకు మించిన దెబ్బ ఉండదు.

కాబట్టి ప్రతి ఏడాది ఫిబ్రవరిలోనే నిష్పత్తి లెక్క వేయాలి. 50 శాతం దగ్గరికి వస్తున్నట్టు కనిపిస్తే, ధార్మిక సంస్థగా నమోదుకు చార్టర్డ్ అకౌంటెంటు సలహాతో ముందే దరఖాస్తు చేయాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలుతో సెక్షన్ల సంఖ్యలు మారాయి కనుక పాత ఫైలులోని దరఖాస్తును చూసి నకలు రాయకూడదు. అఫిలియేషన్ రుసుము మీద జీఎస్టీ విషయంలోనూ జాగ్రత్త అవసరం: ఆ సేవకు మినహాయింపు లేదని 2024 అక్టోబరులో కేంద్రం సర్క్యులరు ఇచ్చింది, కొన్ని హైకోర్టులు వేరుగా చెప్పాయి. వివాదం తేలేదాకా ఆ 18 శాతానికి సరిపడే మొత్తాన్ని విడిగా ఉంచుకోవడం మేలు.

ఎక్కడ తగ్గించవచ్చు

ప్రయోగశాల రసాయనాలు, గ్రంథాలయ చందాలు, పరీక్షల గౌరవ పారితోషికాలు కోయడం సులభం, అందుకే అందరూ అక్కడే మొదలుపెడతారు. అది ఎమ్మెస్సీ విద్యార్థి ప్రాక్టికల్స్‌ను, మూల్యాంకనాన్ని, ఫలితాల తేదీని దెబ్బతీస్తుంది. ఫలితాలు ఆలస్యమైతే తరువాతి ప్రవేశాలూ, వాటితో వచ్చే రుసుములూ తగ్గుతాయి. ముందుగా చూడవలసినది కరెంటు బిల్లు. క్యాంపస్ హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షనులో నెల గరిష్ఠ డిమాండు ఎంత తక్కువగా నమోదైనా, ఒప్పంద డిమాండులో (డిస్కం అనే విద్యుత్ పంపిణీ సంస్థతో ముందే కుదుర్చుకున్న గరిష్ఠ వాడకంలో) 80 శాతానికి చార్జీ పడుతుంది. మూతపడిన వర్క్‌షాపులు, తీసేసిన పాత యంత్రాల రోజుల్లో కుదుర్చుకున్న ఒప్పందమే కొనసాగుతున్న చోట, రెండేళ్ళ బిల్లులు ముందు పెట్టుకుని డిస్కంకు డిమాండు తగ్గింపు దరఖాస్తు ఇస్తే నెలనెలా మిగులుతుంది. రెండవది, విభాగాలు తీసుకుని సర్దుబాటు చేయని అడ్వాన్సులు. సెమినార్లకు, స్నాతకోత్సవాలకు, పరీక్షా కేంద్రాలకు ఇచ్చిన సొమ్ములో ఏళ్ళుగా ఓచర్లు రానివి స్టేట్ ఆడిట్ నివేదికలోనే పేజీలకు పేజీలు ఉంటాయి. పాతది సర్దనిదే కొత్త అడ్వాన్సు లేదన్న ఒక్క ఉత్తర్వుతో కొంతైనా కదులుతుంది.

సొంత ఫిక్స్‌డ్ డిపాజిట్లను ఒకే తేదీకి కట్టిపెట్టకుండా, నెలకొకటి గడువు తీరేలా విడగొట్టాలి. నాలుగు వారాల కొరతకు డిపాజిట్ పగలగొట్టడం కన్నా దాని మీద ఓవర్‌డ్రాఫ్టు తీసుకోవడం చౌక. వాడుకున్న రోజులకే వడ్డీ పడుతుంది. అదే కొరత ఆరు నెలలు సాగేలా ఉంటే ఓవర్‌డ్రాఫ్టు వడ్డీ కొత్త గండమవుతుంది కాబట్టి తీర్మానంలోనే గరిష్ఠ మొత్తం, గరిష్ఠ రోజులు రాయించాలి.

డిపాజిట్లు ఎక్కువగా ఉన్న విశ్వవిద్యాలయానికి మరో సమస్య ఉంది. 2021లో విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం 400 కోట్ల రూపాయలను రాష్ట్ర ఆర్థిక సేవల సంస్థకు బదిలీ చేసినప్పుడు ఉద్యోగులు ఆందోళనకు దిగారు. ఏ ప్రభుత్వమైనా కొరతలో ఉన్నప్పుడు పేరు లేని మిగులు వైపు చూస్తుంది. పెన్షన్ నిధి, భవనాల మరమ్మతు నిధి, కాషన్ డిపాజిట్ల నిధి అంటూ ప్రతి డిపాజిట్‌కూ పాలకమండలి తీర్మానంతో పేరు, ప్రయోజనం రాసిపెట్టి ఉంటే, అడిగిన రోజున జవాబు ఫైలులోనే ఉంటుంది.

సచివాలయానికి వెళ్ళేటప్పుడు పది పేజీల విజ్ఞప్తి కన్నా ఒక్క పేజీ కాగితం పనికొస్తుంది: రావలసిన విడత, దాని జీవో నంబరు, టోకెన్ తేదీ, ఆ డబ్బుతో ఎంతమందికి ఏ నెల పెన్షను వెళ్ళాలి. సెక్షన్ ఆఫీసరు ఆ కాగితాన్నే నోట్ ఫైలులో పెట్టుకోగలగాలి. పాత విడతల వినియోగ ధ్రువపత్రాలు బాకీ లేకుండా చూసుకుని వెళ్ళాలి. ఆపడానికి కారణం వెతికేవారికి మొదట దొరికేది అదే.

ఇక గ్రాంటు జమయిన రోజున ఒత్తిడి అన్ని వైపుల నుంచీ మొదలవుతుంది. ఆ రోజు ముందుగా ఓవర్‌డ్రాఫ్టు మూసేయాలి, ఆగిపోయిన సీపీఎస్ జమలు వేయాలి, మెస్‌కు అరువు మీద బియ్యం, పప్పులు పోసిన కిరాణా వ్యాపారి పాత బిల్లు చెల్లించాలి, ఎవరి జీపీఎఫ్ దరఖాస్తులు పెండింగులో ఉన్నాయో వాటి చెక్కులు రాయాలి. ఆ తరువాతే కొత్త ఫైళ్ళు తెరవాలి. సాయంత్రం విభాగం మూసేలోగా పట్టికలో గడిచిన వారాన్ని కొట్టేసి, చివర కొత్త వారం గడి చేర్చాలి.