యుద్ధకాలంలో నాయకుడి ప్రజామోదం అంకెలను ఎలా చదవాలి

యుద్ధం మొదలైన వారంలో వెలువడే సర్వే అంకెను ఒంటరిగా చూస్తే ఏమీ తేలదు. అదే సంస్థ అదే ప్రశ్నతో అంతకుముందు నెలల్లో సేకరించిన అంకెలను ముందుగా పక్కన రాసుకోవాలి. 2001 సెప్టెంబరు మొదట్లో అమెరికా అధ్యక్షుడు జార్జి డబ్ల్యూ. బుష్ పనితీరును మెచ్చుకున్న అమెరికన్లు గాలప్ అనే సర్వే సంస్థ లెక్కన 51 శాతం. 11వ తేదీ ఉగ్రవాద దాడుల తరువాత, నెల తిరగకముందే, వారు 90 శాతమయ్యారు.

ఆపైన, కొత్తగా చేరినవారెవరో చూడాలి. బుష్ సొంత పార్టీవారు మొదటి నుంచీ ఆయన వెంటే ఉన్నారు గనుక, పెరుగుదలలో అధికభాగం ప్రత్యర్థి పార్టీవారైన డెమోక్రాట్ల నుంచి, ఏ పార్టీకీ చెందనివారి నుంచి వచ్చింది. ఆపద వేళ వచ్చి చేరినవారే సాధారణంగా ముందుగా వెనుదిరుగుతారు. ప్రతిపక్ష నేతలు మౌనంగా ఉన్నంతకాలం వారు నిలుస్తారని, బహిరంగ విమర్శ మొదలయ్యాక కదులుతారని నా అభిప్రాయం. అందుచేత సర్వే తేదీల పక్కనే ప్రతిపక్షం ప్రకటనలను, మృతుల సంఖ్యను కూడా నమోదు చేసుకోవాలి. కొరియా యుద్ధం 1950 జూన్‌లో మొదలై ఎటూ తెగకుండా సాగుతుండగా, 1952 ఫిబ్రవరికి అప్పటి అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ఆమోదం 22 శాతానికి పడిపోయింది.

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఆమోదాన్ని ఓటుగా లెక్కగట్టడంలోనే. 1945 మే నెలలో ప్రధాని చర్చిల్‌ను 83 శాతం బ్రిటన్ ప్రజలు మెచ్చుకున్నారు. జులై ఎన్నికలో వారే ఆయన ప్రత్యర్థి లేబర్ పార్టీకి 393 స్థానాలిచ్చి ఆయనను గద్దె దించారు. యుద్ధం గెలిపించినవాడి పట్ల కృతజ్ఞత ఉన్నా, ఇక ఇళ్లు, ఉద్యోగాలు, వైద్యం ఎవరు చూస్తారన్న ప్రశ్నకు వారు వేరే జవాబు చెప్పారు. గల్ఫ్ యుద్ధం ముగిసినప్పుడు, 1991లో, 89 శాతం ఆమోదం పొందిన పెద్ద బుష్‌కు (జార్జి డబ్ల్యూ. బుష్ తండ్రి, అప్పటి అధ్యక్షుడు) మరుసటి ఏడాది ఎన్నికలో 37 శాతం ఓట్లే దక్కాయి. కనుక యుద్ధ నిర్వహణ గురించి, ఆర్థిక వ్యవస్థ గురించి విడివిడిగా అడిగిన ప్రశ్నలుంటే వాటినే ముందు చదవాలి.

ఏమి అడిగారు, ఎవరిని అడిగారన్నది కూడా చూడాలి. కీవ్ ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషియాలజీ సర్వేల్లో ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీపై నమ్మకం 2022 మేలో 90 శాతం, 2024 ఫిబ్రవరిలో 64 శాతం. ఆ సర్వేలు అడిగింది నమ్మకం గురించి, పనితీరు గురించి కాదు. పైగా అవి ఫోన్ ద్వారా జరిగినవి; 2024 నాటిది ప్రభుత్వ అధీనంలోని ప్రాంతాలకే పరిమితం. రష్యా ఆక్రమిత ప్రాంతాలలో చిక్కుకున్నవారి మాట 2024 శాతంలో లేదు, దేశం విడిచిపోయిన లక్షలాది శరణార్థుల మాట రెండింటిలోనూ లేదు.