"గూగుల్ వస్తలేదన్నా" అన్నప్పుడు ముందు ఏం చూడాలి?

దేవరకొండలోని మా నెట్ సెంటర్‌కు తండాల నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే ఫోన్లు చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి: "అన్నా, గూగుల్ వస్తలేదు." గూగుల్ అంటే వాళ్ల లెక్కలో కంప్యూటర్‌లో సైట్లు తెరిచే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్. ఆ మాట వెనుక నాలుగు వేర్వేరు సమస్యలు ఉంటాయి. ఏదో తేల్చుకోకుండానే కొందరు బ్రౌజర్ తీసేసి మళ్లీ వేస్తారు, ఇంకొందరు ఏకంగా ఫార్మాట్ కొట్టిస్తారు. నిరుడు స్కాలర్‌షిప్ గడువు దగ్గరపడ్డప్పుడు ఒక డిగ్రీ అమ్మాయి ఇంట్లోని పాత డెస్క్‌టాప్‌ను ఎవరో అట్లనే ఫార్మాట్ కొట్టారు. స్కాన్ చేసి పెట్టుకున్న మెమోలు, కుల ధ్రువీకరణ పత్రం అన్నీ పోయాయి. సైట్లు మాత్రం అప్పటికీ తెరుచుకోలేదు. అసలు లోపం గడియారంలో ఉంది. ఆ సంగతి కింద చెప్తాను.

నొక్కితే ఏమీ రాదు

ఇంతకుముందు తెరిచిన బ్రౌజర్ పూర్తిగా మూసుకోకుండా లోపల నడుస్తూ ఉంటే ఇట్లా అవుతుంది. ఫైర్‌ఫాక్స్ అయితే "ఇప్పటికే నడుస్తోంది, కానీ స్పందించడం లేదు" అనే అర్థంతో ఒక పెట్టె కూడా చూపిస్తుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో బ్రౌజర్ పేరు మీద నొక్కి ఎండ్ టాస్క్ ఇచ్చి, మళ్లీ తెరవండి.

విండోస్ 7 ఉన్న మిషన్ అయితే సంగతి వేరు. దానిమీద నడిచే చివరి క్రోమ్ 109వ వెర్షన్. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి విండోస్ 10 గానీ 11 గానీ ఉండాల్సిందే. కొత్త క్రోమ్ ఎన్నిసార్లు దించుకున్నా అక్కడ ఎక్కదు.

తెరుచుకుంటుంది, తెల్లగానో నల్లగానో ఉండిపోతుంది

ఇది ఎక్కువగా గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే తెర మీద బొమ్మ చూపించే భాగాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ తంటా. ముందు రీస్టార్ట్ చేయండి, షట్‌డౌన్ కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న విండోస్‌లో షట్‌డౌన్ చేసి లేపినా డ్రైవర్లు పాత స్థితితోనే లేస్తాయి. మెనూ కనిపిస్తుంటే క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ అనే చోట గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపేయండి. ఫైర్‌ఫాక్స్‌ను షిఫ్ట్ పట్టుకుని తెరిస్తే ట్రబుల్‌షూట్ మోడ్ అడుగుతుంది. అందులో ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న అదనపు ప్రోగ్రాంలు), గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆగి ఉంటాయి కాబట్టి, బాగా పనిచేస్తే తప్పు డ్రైవర్‌దో, ఎక్స్‌టెన్షన్‌దో అని తేలిపోతుంది.

తెరుచుకుని వెంటనే మూసుకుపోతుంది

ఎండాకాలంలో మా దగ్గర ఇది ఎక్కువ. బ్రౌజర్ ఏదో రాసుకుంటున్న క్షణంలో కరెంటు పోతే దాని ప్రొఫైల్ ఫైళ్లు (మీ సెట్టింగులు, బుక్‌మార్కులు దాచే ఫైళ్లు) సగంలో చెడిపోతాయి. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లకే ఈ బాధ. ముందు సీ డ్రైవ్‌లో చోటు ఉందో లేదో చూడండి, నిండిపోయినా ఇదే జరుగుతుంది. తర్వాత టాస్క్‌బార్‌లో క్రోమ్ గుర్తు మీద మౌస్ కుడి బటన్ నొక్కి ఇన్‌కాగ్నిటో విండో తెరవండి. అందులో మామూలుగా ఎక్స్‌టెన్షన్లు నడవవు కాబట్టి, అది నిలబడితే ఎక్స్‌టెన్షన్లను ఒక్కొక్కటిగా తీసి చూడండి.

అదీ నిలబడకపోతే ప్రొఫైల్ మార్చాలి. బ్రౌజర్ మూసి, మీ యూజర్ ఫోల్డర్‌లోని యాప్‌డేటా, లోకల్, గూగుల్, క్రోమ్, యూజర్ డేటా వరుసగా వెళ్లండి. యాప్‌డేటా దాగి ఉంటుంది కాబట్టి వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ ఆన్ చేసుకోవాలి. అక్కడ డిఫాల్ట్ అనే ఫోల్డర్ ఉంటుంది. దాన్ని దయచేసి డిలీట్ చేయొద్దు, పేరు మాత్రం మార్చండి. మీ బుక్‌మార్కులు, దాచుకున్న పాస్‌వర్డులు అందులోనే ఉంటాయి. క్రోమ్ తెరిస్తే కొత్త డిఫాల్ట్ తనే తయారవుతుంది. మళ్లీ మూసి, పాత ఫోల్డర్‌లోని బుక్‌మార్క్స్ అనే ఫైల్‌ను కొత్తదాంట్లోకి కాపీ చేస్తే బుక్‌మార్కులు తిరిగి వస్తాయి.

బ్రౌజర్ వస్తుంది, సైట్లు రావు

ఆ అమ్మాయి ఇంట్లో అయింది ఇదే. ఏ సైట్ తెరిచినా "మీ గడియారం వెనకబడింది" అనే హెచ్చరిక. కింద మూలన చూస్తే తేదీ 2009 జనవరి 1. ప్రతి సైట్ భద్రతా సర్టిఫికెట్‌కూ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. కంప్యూటర్ తేదీ ఆ గడువుకు బయట ఉంటే బ్రౌజర్ దాన్ని నమ్మదు. తేదీ సరిచేసి, టైమ్ జోన్ 5:30 దగ్గర పెడితే అప్పటికప్పుడు సైట్లు వస్తాయి. కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ అయిపోయిందని అర్థం. ప్లగ్ పీకి అది మారిస్తే చాలు. గడియారం సరిగ్గానే ఉన్నా ఆ హెచ్చరిక వస్తే మాత్రం దాటుకుని ముందుకు పోయి ఆధార్, బ్యాంకు వివరాలు ఇవ్వకండి.

తేదీ బాగానే ఉండి ఏ సైటూ రాకపోతే ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి చూడండి. దానితో వస్తే లోపం మీ వైఫైది. రౌటర్ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి, కాకుంటే నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్ (సైట్ పేరును బట్టి దాని అడ్రస్ వెతికి ఇచ్చే సర్వర్) 8.8.8.8 పెట్టండి. అన్ని సైట్లూ వచ్చి దరఖాస్తు సైట్ ఒక్కటే రాకపోతే, గడువు చివరి రోజుల్లో దాని సర్వర్ మీద భారం ఎక్కువై ఉండొచ్చు. రాత్రి పది దాటాకో, పొద్దున ఆరింటికో మళ్లీ ప్రయత్నించండి, అప్పటిదాకా బ్రౌజర్‌ను ముట్టుకోవద్దు.